అరనూలు మేస్త్రి వెనక్కి తెచ్చుకున్న కమాను

అంగుళాన్ని ఎనిమిది భాగాలు చేస్తే ఒక భాగాన్ని నూలు అంటారు పనివాళ్లు. అందులో సగం తేడా వచ్చినా బిగించిన తలుపు దించి మళ్లీ చిత్రిక పట్టే మనిషి కాబట్టి ఆ వడ్రంగికి అరనూలు మేస్త్రి అని పేరు పడింది. పెట్టినవాడు వెక్కిరింపుగానే పెట్టాడు. ఆయన మాత్రం దాన్ని బిరుదులా మోశాడు. కొత్తవాళ్లెవరైనా కొట్టు ముందు ఆగి "మేస్త్రి గారంటే మీరేనా?" అనడిగితే, "అరనూలు మేస్త్రి కావాలంటే నేనే. వేరే మేస్త్రి కావాలంటే నాకు తెలీదు" అనేవాడు.

బడిలో చదివింది నాలుగేళ్లు. పని ఎవరి దగ్గరా చేరి నేర్చుకోలేదు. పారేసిన కుర్చీలు తెచ్చి, కీలు కీలూ విప్పి, ఎవరు ఎక్కడ ఎందుకు కోశారో చూసి, మళ్లీ బిగించి నేర్చుకున్నాడు. మొట్టమొదట చేసిన స్టూలు మూడు కాళ్ల మీద నిలబడి నాలుగోది గాల్లో పెట్టింది. అది ఇప్పటికీ కొట్లోనే ఉంది. ఆయన దాని మీదే కూర్చుంటాడు, ఆ కాలి కింద చెక్క ముక్క పెట్టుకుని.

కొట్టు వెనక గోడకు మేకుల వరస ఉంది. తన చేతుల్లో తప్పిపోయిన పనులు ఆ మేకులకు వేలాడుతుంటాయి. ప్రతిదానికీ ఒక చిన్న చెక్క పేడు కట్టి, దాని మీద తప్పేమిటో పెన్సిలుతో రాసి ఉంటుంది. వాటిలో ఒక బీరువా సొరుగు ఉంది. వానాకాలంలో అది బిగుసుకుంటోందని తొమ్మిదేళ్ల తరవాత ఎవరో మాటల్లో అంటే విని, పిలవకుండానే ఆ ఇంటికెళ్లి, ఊడదీసుకుని, కొత్తది బిగించి వచ్చాడు.

"వాళ్లే మర్చిపోయారు కదయ్యా, నీకెందుకు?" అన్నాడు పక్క కొట్టు టైలరు.

"వాళ్లు మర్చిపోయారు. సొరుగు మర్చిపోలేదుగా" అన్నాడు మేస్త్రి.

అలాంటి మనిషికీ గొప్పలు చెప్పుకునే బలహీనత ఒకటుంది. ఊళ్లో పెద్ద బడిలో తన చేతి పనులు రెండున్నాయి. ఒకటి ముందు గుమ్మానికున్న రెండు రెక్కల తలుపు. ముప్పై ఏళ్లనుంచి పిల్లల గుంపులు తోసుకుంటూ పోతున్నా అది ఒక్కరోజు కిర్రుమనలేదు. రెండోది కమాను.

ఇరవై రెండేళ్ల కిందట అప్పటి హెడ్మాస్టరు చేయించాడు దాన్ని. పిల్లల జుట్టు ఎంత ఉండాలన్నదాని మీద ఏటా గొడవలవుతున్నాయని, మాటలతో పని లేకుండా ఒక సాధనం కావాలన్నాడు. అరచేతి పిడి, దాని మీద గుర్రపు నాడా ఆకారంలో చెక్క వంపు. పిల్లల నుదుటి దగ్గర పెట్టి, చెవుల మీదుగా మెడ దాకా జరుపుకుంటూ పోవాలి. వంపు లోపలి అంచు జుట్టుకు తగలకుండా పోతే ఆ పిల్ల లోపలికి. తగిలితే గోడ పక్కకు. పల్చటి చెక్క పేళ్లు ఆవిరికి మెత్తబరిచి, ఒకదాని మీద ఒకటి జిగురు పెట్టి వంచిన పని అది. ఇంటికెవరొచ్చినా "ఇరవై పొరలు. ఒక్క మేకు లేదు. ఇన్నేళ్లయినా వంపు విచ్చుకోలేదు" అని చెప్పకుండా మంచినీళ్లు కూడా ఇచ్చేవాడు కాదు.

ఆ కమానే ఆయన మనవరాలినీ ఆపుతోందని ఒక శుక్రవారం బయటపడింది.

మనవరాలికి పన్నెండేళ్లు. ఆ ఏడే పెద్ద బడిలో చేరింది. ఆ పిల్ల జుట్టు స్ప్రింగులు చుట్టినట్టు తలచుట్టూ నిండుగా నిలబడుతుంది. చనిపోయిన మేస్త్రి భార్యదీ అదే జుట్టు. మామూలు దువ్వెనలు ఆ జుట్టులో పళ్లు వదిలేసి వస్తున్నాయని పెళ్లయిన కొత్తలో భార్యకు ఎడం పళ్ల దువ్వెన చేసిచ్చాడు. పళ్లు విరక్కుండా చెక్క పోగు పంటి పొడుగునా వచ్చేలా చూసి, ఏడు పళ్లు కోసి, గాజు పెంకుతో నునుపు చేశాడు. ఇప్పుడు దానితోనే మనవరాలు దువ్వుకుంటుంది.

సాయంత్రం ఆ పిల్ల కొట్లోకి వచ్చేసరికి గౌను భుజాలు తడిసి ఉన్నాయి. జుట్టు కూడా తడిసి తలకు అంటుకుని ఉంది. బేకరీలో పొద్దుటి షిఫ్టు ముగించుకుని వచ్చిన పిల్ల తల్లి, మేస్త్రి కూతురే, అప్పటికే అక్కడ తండ్రికి టీ పోస్తోంది. పిల్ల సంచీలోంచి ఒక కాయితం తీసి బల్ల మీద పెట్టింది. తల్లి చదివింది. సోమవారం నాటికి జుట్టు కమానులో పట్టేలా కత్తిరించుకునిగానీ, సాపు చేయించుకునిగానీ రావాలి. లేకపోతే సోమవారం మొదలయ్యే పరీక్షలకు కూర్చోనివ్వరు. పరీక్ష రాయకపోతే ఏడాది పోయినట్టే.

"తడిసిందేంటే?" అంది తల్లి.

"పొద్దున ఒకసారి, బడి వదిలే ముందు ఇంకోసారి కుళాయి కింద తల పెట్టమన్నారు. తడిస్తే అణుగుతుందని" అంది పిల్ల. "ఎనిమిదిమందిమి. వారం వారం మేమే. నా వెనకమ్మాయి జడ నడుము దాటింది తాతయ్యా. తనకి తగల్లేదు. నాది చెవి దగ్గరే ఆగుతుంది, నాది తగిలింది."

"తనిఖీ చేసే డ్రిల్లు మాస్టారేమన్నారు?" అంది తల్లి.

"పొద నడిచొస్తోందన్నారు. అందరూ నవ్వారు."

మేస్త్రి చేతిలో ఉలి పక్కన పెట్టాడు. "ఎక్కడ తగిలింది? నడినెత్తినా, పక్కలా? ఒకవైపే తగిలితే పిడి వంకర తిరిగుంటుంది. రెండువైపులా తగిలితే..."

కూతురు టీ గ్లాసు ఠక్కున బల్ల మీద పెట్టింది. "పిల్ల మొహం చూడకుండా కొలతలు అడుగుతావేంటి నాన్నా? కత్తెరుందా నీ దగ్గర? కత్తిరించేస్తాను. జుట్టే కదా, మళ్లీ వస్తుంది. ఏడాది మళ్లీ రాదు."

"కత్తిరించినా నిలబడుతుందమ్మా" అంది పిల్ల నెమ్మదిగా. "పొట్టిగా నిలబడుతుంది. అంతే."

కూతురు బల్ల మీద వెతికి కత్తెర చేతిలోకి తీసుకుంది. తరవాత, తండ్రి వైపు చూడకుండా అంది. "నాకు తెలుసే. నేనూ ఆగాను ఆ గోడ పక్కన. ఐదేళ్లు."

మేస్త్రికి మొదట అర్థం కాలేదు. "నువ్వా?"

"పొద్దున్నే తడిపి, తువ్వాలు బిగించి కట్టి, ఆరేలోపు బడికి పరిగెత్తేదాన్ని. తనిఖీ ఉన్న రోజు అన్నం తినకుండా పోయేదాన్ని, గుర్తు లేదా? ఆకలి లేదంటే నమ్మేవాడివి."

"నాతో చెప్పొచ్చుగా తల్లీ."

"ఎలా చెప్పను? వచ్చినవాళ్లందరికీ ఇరవై పొరలు, ఒక్క మేకు లేదు అని చెబుతుంటే, నేను గుమ్మంలో నిలబడి వినేదాన్ని. నీ మొహం వెలిగిపోయేది. ఆ కమానే నన్ను ఆపుతోందని ఏ నోటితో చెప్పను నాన్నా?"

మేస్త్రి లేచి అటక మీద చెయ్యి పెట్టాడు. చేసిన ప్రతి పనికీ కొలతలు, బొమ్మ గీసి పెట్టుకున్న పుస్తకాలు అక్కడ కట్టలుగా ఉన్నాయి. దుమ్ము దులుపుతూ, ఏడాది ఏడాది వెనక్కి పోతూ, ఆ పేజీ పట్టుకున్నాడు. మనవరాలు భుజం మీంచి వంగి పైకి చదివింది.

"బడి కమాను. లోపలి వెడల్పు ఏడుంపావు. సందు బొటనవేలంత. వేసవి సెలవులు, పిల్లలు లేరు. కొలత డ్రాయింగు గదిలో ప్లాస్టరు తలది."

పిల్ల ఆగింది. "ప్లాస్టరు తలంటే, ఆ తెల్ల బొమ్మా తాతయ్యా? దానికి జుట్టే లేదు. జుట్టున్నట్టు గీతలు చెక్కారంతే."

మేస్త్రి స్టూలు మీద కూలబడ్డాడు. ఏ తలుపునైనా దాని గుమ్మానికే పట్టి చూసి గానీ కదలని మనిషి తను. ఒక ఇంటి కిటికీ కొలత ఇంకో ఇంటికి వాడితే సహించని మనిషి. బళ్లు తెరిచాక ఒక్క పిల్లనైనా పిలిచి, ఒక్కసారైనా పట్టి చూశాడా? చూడలేదు. పని అందంగా వచ్చిందన్న మురిపెంలో ఇచ్చేసి వచ్చాడు.

"తప్పు జుట్టుది కాదమ్మా" అన్నాడు చివరికి. "పనిది. ఆ కత్తెర అక్కడ పెట్టు."

సోమవారం పొద్దున పిల్లకు తల్లే తల దువ్వింది. తడపలేదు, అణచలేదు. ఏడు పళ్ల దువ్వెనతో కొసలనుంచి మొదలుపెట్టి, చిక్కు చిక్కూ విడదీసి, ఎంత నిలబడుతుందో అంతా నిలబడనిచ్చింది. మేస్త్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని, టేపు, పెన్సిలు, పుస్తకం తీసుకుని మనవరాలి పక్కన నడిచాడు.

బడి ముందు పిల్లలు వరసలో ఉన్నారు. డ్రిల్లు మాస్టారు చేతిలో కమాను ఉంది. చేతుల చెమట తగిలి తగిలి పిడి నల్లగా మెరుస్తోంది. మేస్త్రిని చూసి ఆయన పలకరింపుగా నవ్వాడు. "రండి మేస్త్రి గారూ. మీ పని చూడండి, ఇన్నేళ్లయినా చెక్కు చెదరలేదు."

"అదే కదండీ వచ్చిన చిక్కు. హెడ్మాస్టరమ్మ గారిని ఒకసారి పిలుస్తారా?"

ఆవిడ వచ్చింది. నడివయసు మనిషి, నడినెత్తిన బిగించిన ముడి, చేతిలో ప్రశ్నపత్రాల కట్ట. పిల్ల జుట్టు వైపు చూసి, మేస్త్రి వైపు చూసింది. "కాయితం అందలేదా?"

"అందింది మేడమ్. నేను జుట్టు సంగతి మాట్లాడటానికి రాలేదు. ఈ కమాను చేసింది నేను. తప్పు చేశాను. వెనక్కి తీసుకుపోదామని వచ్చాను."

"తప్పేముంది? బాగానే ఉందిగా."

"డ్రాయింగు గదిలో ప్లాస్టరు తల ఇంకా ఉందాండీ? తెప్పించండి, చూపిస్తాను."

ఇద్దరు పిల్లలు పరిగెత్తి, ఆ తెల్ల తలను మోసుకొచ్చి మెట్టు మీద పెట్టారు. ముక్కు కొస కాస్త విరిగింది. మేస్త్రి పుస్తకంలో పేజీ తెరిచి ఆవిడ ముందు పెట్టి, కమాను పుచ్చుకుని, బొమ్మ నుదుటి దగ్గర్నుంచి మెడ దాకా జరిపాడు. ఎక్కడా తగల్లేదు. చుట్టూ ఒకటే సందు, సరిగ్గా బొటనవేలంత.

"ఈ బళ్లో నియమం తు.చ. తప్పకుండా పాటించేది వీడొక్కడే" అన్నాడు మేస్త్రి. "వీడి కొలతకే చేశాను. బతికున్న పిల్లలకి పట్టి చూడలేదు."

వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. డ్రిల్లు మాస్టారు వెనక్కి తిరిగి చూశాడు గానీ ఎవరో తెలియలేదు.

"అయినా చాలామందికి తగలడం లేదు కదా" అందావిడ.

"బొమ్మలాంటి తల ఉన్నవాళ్లకి తగల్లేదు మేడమ్. ఈ ఎనిమిదిమందికి వారం వారం తగుల్తోంది. అంతకు ముందు మా అమ్మాయికి ఐదేళ్లు తగిలింది. పుట్టుకతో వచ్చిన జుట్టుకి కుళాయి కింద తల పెట్టించాం. అందులో నా చెయ్యి కూడా ఉంది."

హెడ్మాస్టరమ్మ ప్రశ్నపత్రాలు డ్రిల్లు మాస్టారికిచ్చి, కమాను అందుకుంది. తిప్పి చూసింది. ఏమనుకుందో ఏమో, దాన్ని తన నుదుటి దగ్గర పెట్టుకుని వెనక్కి జరిపింది. ముడి దగ్గర అది ఠక్కున ఆగిపోయింది. ఇంకొంచెం నెట్టింది. కదల్లేదు. ఈసారి వరసలో ఎవరూ నవ్వలేదు. నవ్వు ఆపుకోవడం మాత్రం అందరి మొహాల్లోనూ కనిపించింది.

"క్రమశిక్షణ కోసం పెట్టిన నియమం మేస్త్రి గారూ" అంది, కమాను దించుతూ. గొంతులో మొదటి బిగువు లేదు.

"నియమాల సంగతి చదువుకున్నవాళ్లు మీకు తెలుసు. నాకు కొలత తెలుసు. కొలిచేది తప్పయితే కొలిచిందంతా తప్పే. నా చేతి తప్పు ఇంకో పూట ఇక్కడ ఉండటానికి వీల్లేదు."

"పోనీ, సరైనది చేసివ్వండి."

"చేస్తాను. ఈసారి పిల్లలకే కొలుస్తాను." టేపు తీసి గోడ పక్క ఎనిమిదిమందినీ పిలిచాడు. ఒక్కొక్కళ్ల తలచుట్టూ, జుట్టు నొక్కకుండా, గాలికి ఆనించినట్టు టేపు పట్టి రాసుకున్నాడు. కొలిపించుకుంటున్న పిల్లలు అటెన్షన్‌లో నిలబడ్డారు, ఏదో కిరీటానికి కొలత తీస్తున్నట్టు. చివరిది మనవరాలిది. అన్నిటికన్నా పెద్ద అంకె. మేస్త్రి దాన్ని రాసి, కింద రెండు గీతలు గీశాడు.

"ఇది పట్టేలా చేస్తే రేపు ఇంతకన్నా నిండు జుట్టున్న పిల్ల ఇంకొకతె వస్తుంది మేడమ్. మళ్లీ పెంచాలి. ఆలోచిస్తే, అందరూ పట్టేది ఒకటి ఇదివరకే చేసిచ్చాను." పెన్సిలు చెవి మీద పెట్టుకుని ముందు గుమ్మం వైపు చూపించాడు. "ముప్పై ఏళ్లనుంచి అందరూ అందులోంచే పోతున్నారు. ఎవరి తలా తగిలినట్టు నాకు కబురు రాలేదు."

ఆవిడ గుమ్మం వైపు చూసింది. గంట వైపు చూసింది. డ్రిల్లు మాస్టారి చేతిలోంచి ప్రశ్నపత్రాలు తీసుకుంది.

"పరీక్షకు వేళవుతోంది. వరస కదలండి" అంది. తరవాత గొంతు తగ్గించి డ్రిల్లు మాస్టారితో, "ఇవాళ్టినుంచి జుట్టు తనిఖీ లేదు. నోటీసు బోర్డు మీది వాక్యం నేనే కొట్టేస్తాను" అంది.

మనవరాలు గుమ్మం దాకా వెళ్లి ఒక్కసారి వెనక్కి చూసింది. రెండు రెక్కల తలుపు మధ్యలోంచి ఆ పిల్ల జుట్టు, పొద్దుటి ఎండ అంచున మెరుస్తూ, ఎక్కడా దేనికీ తగలకుండా లోపలికి పోయింది.

మధ్యాహ్నం కూతురు కొట్టుకు వచ్చేసరికి కమాను మేకుకు వేలాడుతోంది. కట్టిన పేడు మీద రాత కొత్తగా ఉంది. కొలత బొమ్మది. పట్టి చూడలేదు.

ఆమె దాన్ని చేత్తో తడిమి, అంచు వెంబడి గోటితో పొరలు లెక్కపెట్టింది. రెండుసార్లు లెక్కపెట్టింది. "పంతొమ్మిదే ఉన్నాయి నాన్నా. ఇరవై అనేవాడివిగా."

"అప్పట్లో కాస్త పొగరుండేది" అన్నాడు మేస్త్రి, చిత్రిక ఆపకుండా.

పొగరు పూర్తిగా పోయిందని చెప్పలేం. ఇప్పుడు కొట్టుకు కొత్తవాళ్లెవరొచ్చినా, పని సంగతి ఎత్తకముందే, ఆయన వాళ్లను వెనక గోడ దగ్గరికి తీసుకెళ్లి ఆ మేకు చూపిస్తాడు. "మా మనవరాలి జుట్టు పట్టని కమాను ఇది. పంతొమ్మిది పొరలు" అంటాడు. ఆ తరవాతే మంచినీళ్లు.