చివరి రీలుకి కాపలా

కుడిచెయ్యి ల్యాప్‌టాప్ మీద, ఎడమచెయ్యి టీ గ్లాసు మీద పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇందులో ప్రతి అక్షరం నిజం. అబద్ధమైతే ఇకమీదట జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర నాకు ఒక్క సిగ్నలూ పచ్చగా పడకూడదు.

ఫిల్మ్‌నగర్‌లో మా ఆఫీసు ఒక పాత మేడ. హాలు మధ్యలో ఏనుగంత బండ ఉంటుంది. కట్టినవాళ్లు దాన్ని పగలగొట్టలేక చుట్టూ ఇల్లు కట్టేశారు. మేం ఆ బండకు ఆనుకుని కూర్చుని సినిమావాళ్లకు సాఫ్ట్‌వేర్ రాస్తాం. ఎడిటింగ్‌కి ఒక సర్వీసు, డబ్బింగ్‌కి ఒకటి, పాటలకొకటి, సబ్‌టైటిళ్లకొకటి. చిన్న చిన్న ప్రోగ్రాములు, దేనికది నడుస్తూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. మైక్రోసర్వీసులంటే అవే. ఒకే వీధిలో వేరువేరు కొట్లు అనుకోండి.

చిక్కల్లా తలుపుల దగ్గరే వచ్చింది. ఎవరిని రానివ్వాలో ఏ కొట్టువాళ్లు ఆ కొట్టుకు సొంతంగా రాసుకున్నారు. రాసింది ఎవరైనా మొదటి వరుస మాత్రం ఒకటే: ప్రొడ్యూసర్ గారైతే అడగకుండా వదిలెయ్. రెండో వరుస: సినిమాకి పనిచేసేవాళ్ల జాబితాలో పేరుంటే మనవాడే, వదిలెయ్. ఫిల్మ్‌నగర్‌లో పుట్టిన ప్రోగ్రాము ఇంకెలా ఉంటుంది?

మా ప్రొడ్యూసర్ గారు బంగారంలాంటి మనిషి. ఆఫీసూ ఆయనదే, బండా ఆయనదే. ఒక్కటే లోపం, కడుపులో మాట దాగదు. కిందటి సినిమాలో హంతకుడెవరో పొద్దున పార్కులో రౌండు మొదలుపెడుతూ పక్కాయన చెవిలో వేశారు. రౌండు పూర్తయ్యేసరికి ముక్కూమొహం తెలియని మనిషి ఎదురొచ్చి ఆపి, ‘ఎవరికీ చెప్పకండి’ అంటూ అదే రహస్యం ఈయనకే చెప్పాడు.

ఈసారి సినిమా ఒక అమ్మాయిది. దర్శకురాలిగా ఆమెకు మొదటిది. ఒక రోజు ప్రొడ్యూసర్ గారిని వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

“అన్నా, సినిమా మొత్తం చివరి పది నిమిషాల మీదనే నిలబడ్డది. అది ముందే తెల్సిందంటే ఎవరు చూస్తరు? నాకు రెండో సినిమా ఎవరిస్తరు?”

“అమ్మాయి అన్నది నిజమేనయ్యా,” అన్నారు వెనక నుంచి ప్రొడ్యూసర్ గారు. “నా మీద నాకే నమ్మకం లేదు. రిలీజు దాకా చివరి రీలు నాకు చూపించకు. అడిగినా ఇవ్వకు.”

“బతిమాలితే అండీ?”

“అసలే ఇవ్వకు.”

“తిడితే?”

“తిడితే ఫోను ఎత్తకు.”

ఇప్పుడు రీళ్లెక్కడివి, అన్నీ ఫైళ్లే. అయినా అందరం రీలనే అంటాం.

నేను చేసింది చిన్న పనే. ఎవరికి ఏది చూపించాలన్న నియమాలన్నీ తెచ్చి ఒక్క సర్వర్‌లో పెట్టాను. ప్రతి సర్వీసులోనూ అతికించుకోవడానికి ఒక క్లయింట్ లైబ్రరీ, అంటే తలుపు దగ్గర నిలబడే చిన్న ప్రోగ్రాము ముక్క, రాశాను. అది సొంతంగా ఏదీ తేల్చదు. వచ్చిందెవరు, ఏ పని మీద వచ్చారు, ఏ ఫైలు కావాలి అని ఆ సర్వర్‌ని అడుగుతుంది. సరే అంటే తెరుస్తుంది, కాదంటే మూస్తుంది. జవాబే రాకపోతే కాదన్నట్టే. వాడుకునేవాళ్లు పాత వరుసలు కొట్టేసి నాలుగు కొత్త వరుసలు రాసుకుంటే చాలు.

మొదటి రోజే సర్వర్ పడుకుంది. గంటసేపు ఎవరి ఫైలూ ఎవరికీ తెరుచుకోలేదు. అందరూ బండ చుట్టూ చేరి ఉస్మానియా బిస్కెట్లు తిన్నారు. సినిమావాళ్లు ఒకరి మాట ఒకరు పూర్తిగా విన్న గంట నా జీవితంలో అదొక్కటే.

మూడో రోజు ప్రొడ్యూసర్ గారు ఎడిటింగ్ తలుపు తట్టారు. తర్వాత డబ్బింగ్, ఆ తర్వాత పాటలు. ప్రతిచోటా అనుమతి లేదు. ఫోను వచ్చింది.

“ఏమయ్యా, నా సినిమాలో నాకే అనుమతి లేదంటుందేంటి?”

“మీరే కదండీ వద్దన్నారు.”

“అన్నది మొన్నటి నేను. ఇవాళ అడుగుతున్నది ఇవాళ్టి నేను.”

“మొన్నటి మీకు మాటిచ్చానండీ.”

“వాడు గట్టివాడే,” అని ఆయన ఫోను పెట్టేశారు.

లైబ్రరీ పెట్టకుండా ఒక్క సబ్‌టైటిళ్ల సర్వీసు మిగిలింది. దాన్ని రాసేది నా ఈడువాడే, నిదానస్థుడు. “జర ఆగు భాయ్, సోమవారం పెడత. సబ్‌టైటిళ్ల ఏముంటది, అక్షరాలే గద,” అన్నాడు. నేనూ సరేనన్నాను. అక్కడ మాత్రం ఆ పాత రెండు వరుసలే కాపలా.

రిలీజుకు వారం ఉందనగా దర్శకురాలు, ప్రొడ్యూసర్ గారు, నేను బండ దగ్గర టీ తాగుతున్నాం. మాటల మధ్యలో ప్రొడ్యూసర్ గారి నోరు జారింది.

“అంతా బాగుందమ్మా. మరి ఆ వాన వెలిశాక తలుపు తెరిచేదెవరు?”

ఆమె గ్లాసు కింద పెట్టింది. “వాన సంగతి మీకెట్ల తెల్సు సార్?”

“ఏ వాన?”

“నా వాన. ఇంకెవ్వరికి చెప్పిండ్రు?” రెండేళ్ల పని ఆ ఒక్క మాట మీద ఆగింది.

“ఒట్టు, ఎవరికీ చెప్పలేదు. సబ్‌టైటిళ్లు చదివాను, అంతే.”

నేను గబగబా ఆ ఫైలు తెరిచాను. చివరి పది నిమిషాలకూ ఉన్నది ఇంతే: వాన చప్పుడు. వాన వెలిసింది. అడుగుల చప్పుడు. తలుపు తెరుచుకున్న చప్పుడు. సంగీతం.

ఆమె ఆ పది నిమిషాలకు ఒక్క మాట కూడా రాయలేదు. తెర మీదికి వంగి చూసి, బండను పట్టుకుని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. “మాటలు రాయకపోవుడే నన్ను కాపాడింది అన్నా.”

నేను సబ్‌టైటిళ్లాయన దగ్గరికి వెళ్లాను. “సోమవారం దాక ఎందుకు, గిప్పుడే పెడత,” అని పాతవి కొట్టేసి నాలుగు వరుసలూ పెట్టాడు. టీ ఇంకా చల్లారలేదు.

ఆ వారమంతా ప్రొడ్యూసర్ గారు ఆమె వెంట తిరిగారు. “తలుపు తెరిచేది మనిషా, కుక్కా? అదొక్కటి చెప్పు చాలు.” ఆమె జవాబు ఒకటే. “సర్వర్‌ని అడుగుండ్రి సార్.”

రిలీజు రోజు మార్నింగ్ షోలో ఆమె ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది, లేచి పోయి ఎవరికైనా చెబుతారని. వాన వెలిసింది. అడుగులు వినిపించాయి. తలుపు తెరుచుకుంది. హాలంతా ఈలలతో లేచి నిలబడింది. పక్కన ఆ పెద్దమనిషి సీటెక్కి రెండు వేళ్లతో ఈల వేశారు. ఆమె ఏడుస్తూ నవ్వుతూ ఆ చొక్కా చెయ్యి ఇంకా వదల్లేదు. తలుపు తెరిచిందెవరో ఇక్కడ రాయను.

ఇవాళ చెక్‌పోస్టు దగ్గర నా సిగ్నలు చాలాసేపు ఎర్రగానే ఉండిపోయింది. అందుకని ఒకటి ఒప్పుకుంటున్నాను. సబ్‌టైటిళ్లు చదివింది ప్రొడ్యూసర్ గారు కాదు. ఆయన మూడు తలుపులు తట్టి, కాదన్నాక ఊరుకున్నారు. జాబితాలో నా పేరూ ఉంది, నాలుగో తలుపుకి గొళ్లెం లేదని నాకు కాక ఎవరికి తెలుసు? నోరు జారింది నాది. ‘ఏ వాన?’ అన్నది నేను. కుక్కా, మనిషా అని తిరిగిందీ నేనే. థియేటర్లో ఆమె పట్టుకున్నది నా చొక్కా చెయ్యి. ప్రొడ్యూసర్ గారు ముందు వరుసలో, మాట నిలబెట్టుకున్న మనిషి ఠీవితో, సమోసా తింటున్నారు.

ఆమె రెండో సినిమా ఇప్పుడు ఎడిటింగ్‌లో ఉంది. మొదటి రోజే నా దగ్గరికి వచ్చి, నా చేతే సర్వర్‌లో ఒక కొత్త నియమం రాయించింది. చివరి రీలు నాకు చూపించకూడదట. రోజూ టీ తాగాక వెళ్లి ఒక్కో తలుపూ తట్టి వస్తున్నాను. ఒక్కటీ తెరుచుకోవడం లేదు. పాడు లైబ్రరీ, మరీ బాగా రాశాను.