మిల్టన్‌లోని హైదరాబాద్ యూనిట్

"ఈ వారం బొటీక్ మూసి ఉంటుంది. మా చెల్లెలు కాలం చేసింది. ఆర్డర్లు కాస్త ఆలస్యం అవుతాయి, గమనించగలరు."

చిన్నాంటీ పోయిన కబురు నాకు ఇలా చేరింది. కెనడాలో, కనాటా అనే ఊళ్లో ఆఫీసుకి వెళ్లే బస్సు కోసం నిలబడి, బొటీక్ వాట్సాప్ గ్రూపులో ఆ మెసేజ్ చదివాను. నమ్మలేక మళ్లీ చదివాను. రాసింది పరాయి మనిషి కాదు, తోడబుట్టిన అక్క. కింద అందరూ దండాల బొమ్మలు పెట్టారు. ఒకావిడ మాత్రం "మా పాప లంగా ఓణీ ఎప్పటికి రావచ్చండీ?" అని అడిగింది. ఏడుపు కంటే ముందు నాకు ఒళ్లు మండింది. ఆ మంట ఇంకా తగ్గలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

మేం కాలేజీలో చేరడానికి కెనడా వచ్చిన ఏడాది ఏ విమానం చూసినా మన పిల్లలే. ఇళ్లు దొరికేవి కావు, పార్ట్‌టైమ్ ఉద్యోగానికి పోతే లైన్ పార్కింగ్ దాకా ఉండేది. సిటీకి దూరమైనా సరే అని మిల్టన్‌లో ఒక టౌన్‌హౌస్ బేస్‌మెంట్‌లో నలుగురు అమ్మాయిలం దిగాం. ఇల్లుగలావిడ మాకు పెద్దాంటీ. పై అంతస్తులో, ముందు గదిలో ఆవిడ బొటీక్. ఆవిడ చెల్లెలు చిన్నాంటీ. బేస్‌మెంట్‌లో మా పరుపులు ఒక పక్క, ఆవిడ కుట్టు మిషన్ ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ పక్కన, మధ్యలో ఒక పూల కర్టెన్.

పైన పెద్దాంటీ కస్టమర్లకి టీ ఇచ్చి, పట్టు బట్టలు పరిచి, ఒక మాట తప్పకుండా చెప్పేది: "కుట్టడం అంతా మా హైదరాబాద్ యూనిట్‌లోనండీ. అక్కడ మాస్టర్లు ఉన్నారు." ఆ మాటకి మనవాళ్లు పడిపోయేవాళ్లు. మిల్టన్‌లో కుట్టిందంటే బేరమాడతారు, హైదరాబాద్ నుంచి వచ్చిందంటే కళ్లకద్దుకుంటారు. ఆ యూనిట్ వాళ్ల కాళ్ల కిందే ఉండేది. వాళ్లు నవ్వుతూ మాట్లాడుకుంటుంటే కింద మిషన్ ఆగేది, చప్పుడు పైకి వినపడకూడదని పెద్దాంటీ ఆర్డరు.

చిన్నాంటీకి కస్టమర్ల మొహాలు తెలియవు. బేస్‌మెంట్ కిటికీలోంచి మెట్లెక్కే కాళ్లు మాత్రం కనిపించేవి. "అదుగో, బంగారు బకిల్ బూట్లావిడ వచ్చింది. పెళ్లి దగ్గరపడింది కాబోలు, నడక చూడు" అనేది. కొలతలు చీటీ మీద రాసి పెద్దాంటీ కిందికి పంపేది. ఆ చీటీల్లో నిజం తక్కువ. "మీరేం లావయ్యారండీ, అలాగే ఉన్నారు" అని కస్టమర్‌ని ఉబ్బించడానికి నడుము దగ్గర కాస్త తగ్గించి రాయడం పెద్దాంటీ అలవాటు. చిన్నాంటీ చీటీ చూసి నవ్వి, లోపలి కుట్టు దగ్గర బట్ట ధారాళంగా వదిలేది. "మా అక్క తగ్గించి రాస్తుంది, నేను పెంచి వదులుతాను. విప్పుకుంటే సరిపోద్ది. ఎవరి పరువూ పోదు" అనేది తెనాలి యాసలో.

ఆదివారం మధ్యాహ్నం మాత్రం ఆవిడ మిషన్ మీద దుప్పటి కప్పి, మా పాత సోఫాలో కూర్చునేది. నాకో సీరియల్ ఇష్టం. వందేళ్ల కిందటి కథ. ఏదో పొగమంచు ఊళ్లో ఇద్దరు అక్కాచెల్లెళ్లు గౌన్ల దుకాణం నడుపుతుంటారు. అక్క ముందు గదిలో దొరసానులతో, చెల్లెలు వెనక గదిలో కత్తెరతో. మొదటిసారి చూసినప్పుడు నేను ఒక్కొక్క మాటా తెలుగులో చెప్పాను. రెండోసారి మళ్లీ మొదటి నుంచి పెట్టమన్నది ఆవిడే. అప్పటికి నా తెలుగు అక్కర్లేకపోయింది.

ఆవిడ చూసేది కథ కాదు, చేతులు. "ఈ పిల్ల జన్మలో సూది పట్టలేదే! చెంచా పట్టినట్టు పట్టింది. ఎవరిచ్చారే దీనికి ఈ వేషం?" అని కోప్పడేది. గౌను బాగుంటే వెనక్కి తిప్పించి, టీవీ దగ్గరికి వెళ్లి, చంక దగ్గర కుట్టు ఎలా తిరిగిందో వేలితో గీసి చూసేది. తెర మీద ఆవిడ వేలి ముద్రలు ఉండిపోయేవి. నా రూమ్మేట్ తుడవబోతే నేను వద్దన్నాను.

ఆ సీరియల్‌లో ఒక సీను ఉంది. పెద్ద హాల్లో గౌన్ల ప్రదర్శన. చప్పట్లు మోగుతాయి, అక్క ముందుకొచ్చి తల వంచుతుంది. గౌన్లన్నీ కుట్టిన చెల్లెలు కర్టెన్ వెనక నిలబడి ఆ చప్పట్లు వింటుంది. మొదటిసారి అది చూసి చిన్నాంటీ గట్టిగా అరిచింది: "బయటికి రావే, పిచ్చిమొహమా! నీ చేతులేగా అవి!" పైనుంచి పెద్దాంటీ "ఏవిటా గోల?" అంది.

రెండోసారి అదే సీను వచ్చినప్పుడు అరవలేదు. పైట కొంగుతో కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చుంది. నేను ఆగలేకపోయాను.

"మీరెందుకు ఊకుంటరు ఆంటీ? ఆమెను అన్నరు కదా బయటికి రమ్మని. మీ సంగతేంది?"

"నాది వేరే సంగతే. మా ఆయన పోయాక నన్ను ఇక్కడికి పిలిపించుకుంది మా అక్క. దాని నోరు, నా చెయ్యి. రెండూ ఉంటేనే కొట్టు."

"మరి బోర్డు మీద నోటి పేరే ఉన్నదేంది?"

ఆవిడ పడీ పడీ నవ్వింది. నవ్వడం అయ్యాక, "ఒక్కసారి అంటే చాల్లేవే. పదిమందిలో, మా చెల్లెలు కుట్టిందీ అని. బోర్డెందుకు నాకు?" అంది. అడిగింది అంతే. అది కూడా నన్నడిగింది, అడగాల్సిన మనిషిని అడగలేదు. నాకు ఉద్యోగం వచ్చి కనాటా వెళ్లిపోయేటప్పుడు కూడా ఆ మాట పైకి చేరలేదు. నేను ఫోన్ చేసినప్పుడల్లా "పెద్దాంటీ ఆ మాట అన్నదా?" అని అడిగేదాన్ని. "ఈ సీజన్ అవనీ" అనేది. సీజన్లు అయ్యాయి. చివరికి గుండె ఆగింది.

కర్మ పూర్తయిన రోజు భోజనాలకి మిల్టన్ వెళ్లాను. గుమ్మం దగ్గర చెప్పులు, బూట్లు గుట్టగా పడి ఉన్నాయి. బంగారు బకిల్ బూట్లు కూడా ఉన్నాయి. మొహాలు తెలియకపోయినా ఆ గుట్టలో సగం మందికి చిన్నాంటీ బూట్లని బట్టి తనే పేర్లు పెట్టి పిలిచేది.

ముందు గదిలో ఫోటోకి దండ. పెద్దాంటీ అందరికీ చెబుతోంది: "పాపం, నాకు సాయంగా ఉండేది. టైంపాస్‌కి ఏదో ఒకటి కుడుతూ ఉండేది." టైంపాస్! వంగి కుట్టీ కుట్టీ మెడ పట్టేసి తల తిప్పలేని మనిషికి టైంపాస్! అంతలో బకిల్ బూట్లావిడ తన బ్లౌజు చెయ్యి ముందుకు చాపి, "మీ హైదరాబాద్ యూనిట్ వాళ్లకి చెప్పండి, ఈ పని చూసి అందరూ అడుగుతున్నారు" అంది. పెద్దాంటీ మామూలుగా తలూపింది. "తప్పకుండా చెప్తానండీ."

"ఆ యూనిట్‌కే దండ వేసిన్రు ఆంటీ" అన్నాను. "చెప్పాలంటే అక్కడ చెప్పండి."

పెద్దాంటీ నా వైపు చూడలేదు. "అన్నం చల్లారిపోతోంది, కూర్చోండి" అంది అందరితో. తప్పు మాట్లాడానని ఎవరో అంకుల్ గొణిగాడు. ఆ పిల్లల్ని బేస్‌మెంట్‌లో పెట్టుకోవడమే పొరపాటని ఇంకొకాయన. అవును, పెట్టుకున్నారు కాబట్టే మేం చూశాం.

కిందికి దిగిపోయాను. కర్టెన్ అలాగే ఉంది, మిషన్ మీద దుప్పటి అలాగే ఉంది. కాసేపటికి పెద్దాంటీ దిగింది. తిడుతుందనుకున్నాను. చేతిలో పాత మెరూన్ పట్టు జాకెట్టు ఉంది. "నన్ను గుడికి తీసుకెళ్తారట. నా జాకెట్టే, ఇప్పుడు పట్టట్లేదు. కాస్త వదులు చెయ్యి. కుట్లు విప్పడం అది నీకు నేర్పింది కదా."

నేను జాకెట్టు తిరగేశాను. పక్క కుట్టు ఒకటి విప్పాను. లోపల ఇంకో కుట్టు. అదీ విప్పితే ఇంకోటి. లోపల ఇంత బట్ట నేను ఏ కస్టమర్ జాకెట్టులోనూ చూడలేదు. బయటి రంగు ఏళ్ల తరబడి వెలిసిపోయింది. లోపల దాగిన బట్ట మాత్రం కొత్త మెరూన్, కొట్లో థాను విప్పినప్పటి రంగు.

పెద్దాంటీ ఆ రంగు మీద వేలు పెట్టింది. "నా కొలతలు నేనే రాసిచ్చాను దానికి" అంది. "నావీ తగ్గించే రాశాను."

నాకు జాలి కలగలేదు. ఆవిడ ఏడుస్తున్నా నా కోపం నా దగ్గరే ఉంది. వదులు చేసి కుట్టి ఇచ్చాను. కుడి పక్కన, చంక కింద నుంచి నడుము దాకా వెలవని మెరూన్ పట్టీ ఒకటి బయటపడింది. దూరం నుంచే కనపడుతుంది. "పైట ఇటు తిప్పి కప్పుకోండి" అన్నాను. ఆవిడ తొడుక్కుని, కప్పుకోకుండానే మెట్లెక్కింది.

నేను కర్టెన్ వెనకే నిలబడ్డాను. పైన బకిల్ బూట్లావిడ గొంతు వినిపించింది: "అయ్యో, జాకెట్టుకి ఏమైందండీ ఆ పక్క? రంగు తేడాగా ఉంది."

చిన్నాంటీ కుర్చీ వీపు మీద చెయ్యి వేసి, విన్నాను.

"తేడా ఏం లేదండీ" అంది పెద్దాంటీ. "మా చెల్లెలు కుట్టింది."