ఇనుపభటుడు అన్న మాట

1968 అక్టోబరు 17, గురువారం, మధ్యాహ్నం రెండు గంటల నలభై నిమిషాలు. విజయనగరం బస్సు భోగాపురంలో ఆగింది. దించిన పత్రికల కట్టలో వారపత్రిక ప్రతి ఒక్కటే ఉంది. బడిపంతులు గణపతిరావు దానిని అక్కడ విప్పకుండా చంకలో పెట్టుకుని, వాన తడి ఆరని పెద్దవీధి వెంట పఠన మందిరానికి నడిచాడు. మూడు గంటలకు అక్కడ సభ. పత్రికలో 'ఇనుపభటుడు' అనే ధారావాహిక చివరి భాగం ఉంది. దానిని చదివి, ఆ కథ మంచిదో చెడ్డదో అందరి ఎదుటా చెప్పవలసిన మనిషి గున్నమ్మ. ఆమె చెప్పినదానిని బట్టి మందిరాన్ని ఆడవాళ్లకు తెరిచి ఉంచడమో, తాళం వేసి వేరుశనగ బస్తాలు నింపడమో అప్పలసూరి నిర్ణయిస్తాడు. ఊరి పెద్ద ఆయనే. మందిరం ఉన్న ఇల్లూ ఆయనదే.

గున్నమ్మ ఆ ఊళ్లో పుట్టిన మనిషి కాదు. భీమిలిలో మేనత్త ఇంట పెరిగి అయిదో తరగతి వరకు చదివింది. జోగయ్యను పెళ్లాడి, భోగాపురానికి తూర్పున సముద్రం ఒడ్డునున్న రేవుకు వచ్చింది. జోగయ్య తెప్ప మీద వేటకు వెళ్తాడు. ఆమె చేపలు ఎండబెట్టి బుట్టకెత్తి అమ్ముతుంది. ఎండుచేపలు చుట్టడానికి కొన్న పాత కాగితాలను, చుట్టే ముందు చదవడం ఆమెకు అలవాటు. ఏ కథయినా సగంలో చిరిగి ఉంటే, మిగతా సగం ఎవరి పొట్లంలో వెళ్లిపోయిందోనని రెండు రోజులు అన్నం సరిగా తినేది కాదని జోగయ్య చెప్పేవాడు.

రెండేళ్ల కిందట పఠన మందిరం పెట్టినప్పుడు గురువారం మధ్యాహ్నాలు ఆడవాళ్లకు కేటాయించారు. రైతుల ఇళ్ల ఆడవాళ్లు రాలేదు. రేవు నుంచి పద్నాలుగు మంది వచ్చారు, చిరిగిన వలలతో సహా. వాళ్లు వలలు బాగుచేసుకుంటూ కూర్చుంటే గున్నమ్మ చదివేది.

ఆమె చదివే పద్ధతి వేరు. అచ్చులో ఉన్నది ఉన్నట్టు చదివితే వినేవాళ్లకు కునుకు వస్తుందని మొదటి వారమే తెలిసింది. అందుకని కంటితో పుస్తకం మాట చూస్తూ నోటితో రేవు మాట పలికేది. అచ్చులో 'చూడు' అని ఉంటే 'సూడు' అనేది. 'వస్తుంది' అని ఉంటే 'వస్తాది', 'ఎందుకు' అని ఉంటే 'ఏటికి'. ఈ మార్పు ఎంత సాఫీగా జరిగేదంటే, పక్కన కూర్చున్న గణపతిరావుకు పుటవైపు చూడకపోతే ఆ కథ రేవులోనే ఎవరో రాసినట్టు తోచేది.

ఇనుపభటుడు ఏడు తాటిచెట్ల ఎత్తున్న యంత్రం. ఆకారం మనిషిది. ఒక నగరాధిపతి కోసం ఒక శాస్త్రజ్ఞుడు తయారుచేశాడు. అది ఆజ్ఞ వింటుంది, 'చిత్తం' అంటుంది, చేస్తుంది. ప్రశ్న వేసే శక్తి దానికి పెట్టలేదు. ముప్పై వారాల పాటు అది కొండలు పిండిచేసింది, ఓడలు ఎత్తి గట్టున పెట్టింది, శత్రువుల కోటలు కూల్చింది. ముప్పై ఒకటో వారం నగరాధిపతి కూలీల పేటను తొక్కెయ్యమన్నాడు. భటుడు కాలెత్తాడు. ఆ కాలు గుడిసెల మీద, గాలిలోనే ఆగిపోయింది. 'కదులు!' అని అధిపతి అరిచాడు. ఇనుప దవడలు తెరుచుకున్నాయి. 'చిత్తం' కాని మాట మొదటిసారి వచ్చింది.

'ఏటికి...'

ఆ వారం భాగం అక్కడితో అయిపోయింది.

గున్నమ్మ ఆ మాటను మార్చలేదు. మార్చవలసిన అవసరం కనిపించలేదు. అది అప్పటికే రేవు మాట. చివర గొంతు పైకెత్తి చదివింది. వలల మీద చేతులు ఆగిపోయాయి.

"ఓలమ్మా! ఇనపోడు మన మాట మాటాడినాడే!" అంది మరిడమ్మ. వాళ్లందరిలో పెద్దది. గున్నమ్మకు అత్త వరస.

ఆ రాత్రి నుంచే రేవులో ఆ మాట తిరగడం మొదలుపెట్టింది.

"ఒసే, సుట్ట ఇలాగందుకో," అన్నాడు జోగయ్య.

"ఏటికి?" అంది గున్నమ్మ.

"కాల్సుకోడానికే! సుట్ట ఏటికంటాదేటి ఈ మనిషి!"

నవ్వుతో పోయిన మాట మంగళవారం నవ్వుతో పోలేదు. రేవు నుంచి బస్సు రోడ్డుకు దారులు రెండు. పెద్దవీధి గుండా వెళ్తే దగ్గర. కాని చేపల బుట్టలు ఆ వీధిన రాకూడదని అప్పలసూరి తండ్రి కాలం నుంచి కట్టడి. బుట్టలన్నీ ఊరి చుట్టూ తిరిగి, నీళ్లు పారే గెడ్డ గట్టు మీదుగా పోవాలి. వానాకాలం ఆ గట్టు మోకాలిలోతు బురద. సోమవారం అక్కడే మరిడమ్మ జారి పడింది. బుట్టలోని చేపలన్నీ గెడ్డలో పోయాయి. మంగళవారం తెల్లారేసరికి పద్నాలుగు బుట్టలూ పెద్దవీధిలో ఉన్నాయి.

అప్పలసూరి అరుగు మీద పళ్లు తోముకుంటున్నాడు. "ఏయ్! బుట్టలు ఇటొచ్చీసేయేటి? గెడ్డకి పొండి!"

మరిడమ్మ ఆగింది. బుట్ట దించలేదు.

"ఏటికి?"

వెనక పదమూడు గొంతులు అదే మాట అన్నాయి. ఆయన నోట్లో వేపపుల్ల అలాగే ఉండిపోయింది. ఆ కట్టడి ఎందుకో తండ్రి ఆయనకు చెప్పి ఉండడు. జవాబుకు బదులు, ఆ మాట ఎక్కడిదో మధ్యాహ్నానికి ఆరా తీసి తెలుసుకున్నాడు.

"నా గదిలో కూకుని నన్నే ఎదిరించడం నేర్సుకుంతన్నారు," అన్నాడు గణపతిరావుతో. "గురువారం ఆ కత తీరిపోతాది కదా. ఆ సదివేదాన్ని నా ముందర సదవమను. ఏటుందో, ఏటి నేర్పుతాదో తనే సెప్పాల. ఎదురుమాట నేర్పే కతయితే గదికి తాళం."

అందువల్ల సభ.

రెండు గంటల యాభై అయిదు నిమిషాలకు గున్నమ్మ పత్రిక విప్పింది. బయటికి చదివే ముందు ఒకసారి లోలోపల చదువుకోవడం ఆమె అలవాటు. మొదటి మూడు వాక్యాల దగ్గరే ఆగిపోయింది.

'"ఏటికి," అని మరల పలికాడు ఇనుపభటుడు. పేటను దాటి ఏటి వైపు నడిచాడు. ఏరు పొంగి నగరం మీదికి వస్తున్నది.'

"మాస్టారూ, ఏరంటే ఏటి?"

"గెడ్డ," అన్నాడు గణపతిరావు. అన్న తర్వాత ఆయనకు అర్థమయింది. ఆ వైపు నీటిపాయ చిన్నదయినా పెద్దదయినా గెడ్డే. ఏరు అనే మాట పాఠ్యపుస్తకంలో తప్ప వినపడదు. భటుడు ప్రశ్నించలేదు. ఎక్కడికి వెళ్తున్నాడో చెప్పాడు.

గున్నమ్మ పత్రికను ఒళ్లో పెట్టుకుంది. బయట చెప్పుల చప్పుడు దగ్గరవుతోంది.

"ఆ మూడు వాక్యాలూ వదిలెయ్యి," అన్నాడు గణపతిరావు, గొంతు తగ్గించి. "భటుడు మనసు మార్చుకున్నాడని చెప్పు. ప్రశ్నే అంటే గది పోతుంది. ఏరు అని ఒప్పుకుంటే, చదవడం రానివాళ్లకు మందిరం దేనికంటాడు అప్పలసూరి. అప్పుడూ పోతుంది. వదిలేస్తే ఎవరికీ తెలియదు."

"మీకు తెల్సు కదా మాస్టారూ."

"నేను చెప్పను."

"మరిడత్త రెండేళ్లై నా నోరే సూస్తన్నాది. కాయితం సూడ్నేదు, సూసినా తెలీదు," అంది గున్నమ్మ. "నాను వదిలీసిందేదో, సదివిందేదో దానికెలా తెలుస్తాది?"

గణపతిరావు లేచి అప్పలసూరికి కుర్చీ వేశాడు.

అప్పలసూరి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఆయనతో వచ్చిన రైతులు గుమ్మం దగ్గర నిలబడ్డారు. రేవు ఆడవాళ్లు నేల మీద. ఈసారి వలలు తేలేదు.

"కానియ్యే గున్నమ్మా. మీ ఇనపోడు ఏటన్నాడో సెప్పు."

గున్నమ్మ చదివింది. రెండేళ్లలో మొదటిసారి, ఒక్క అక్షరం మార్చకుండా, అచ్చులో ఉన్నది ఉన్నట్టు చదివింది. 'ఏటికి' దగ్గర గొంతు ఎత్తలేదు. భటుడు పొంగుతున్న నీటికి అడ్డంగా పడుకున్నాడు. నగరం నిలిచింది. కీళ్లలోకి నీరు చేరింది. అధిపతి గట్టు మీద నిలబడి 'అక్కడే ఉండు' అన్నాడు. భటుడు 'చిత్తం' అన్నాడు. అదే వాడి చివరి మాట. అధిపతి ఒక పూలదండ నీళ్లలోకి విసిరాడు. సమాప్తం.

సగం మందికి సగమే అర్థమయింది.

"పుస్తకంలో ఏరంటే మన గెడ్డ," అంది గున్నమ్మ ఆడవాళ్ల వైపు తిరిగి. "ఏటికి అంటే గెడ్డకి అని. ఆడు ఏటీ అడగలేదు. గెడ్డకెళ్తన్నానని సెప్పేడు. నాను పోయిన వారం తప్పు సదివేను."

అప్పలసూరి తొడ చరుచుకుని నవ్వాడు. "గెడ్డకి! ఇన్నారా? గెడ్డకెళ్తన్నానన్నాడంట! నాను మంగలారం అన్న మాటే అన్నాడు మీవోడు!" గుమ్మం దగ్గరి వాళ్లూ నవ్వారు.

మరిడమ్మ నవ్వలేదు. "ఒసే గున్నా. మరి వారం దినాలై మాము అన్నాది ఎవుల మాటే?"

గున్నమ్మ పత్రికలోకి మరోసారి చూసింది. "మన మాటే అత్తా," అంది. "ఆ కాయితంలోది కాదు. మనదే."

"అది సర్లే," అన్నాడు అప్పలసూరి. "కత ఎలాగుందో సెప్పు. అందుక్కదా పిల్చేను."

"ముప్పై వారాలు బాగుంది బాబూ. ఆఖర్ని బాగులేదు." గున్నమ్మ పత్రిక చివరి పుట మీద వేలు పెట్టింది. "ఈ వరద ముప్పై వారాలు ఎక్కడున్నాది? ఓ మబ్బు లేదు, ఓ గాలి లేదు. భటుణ్ణి ఏటి సెయ్యాలో రాసినాయనకి తెలీక వరద తెచ్చీసేడు. కాలెత్తినోడు, తొక్కకుండా ఆపినోడు. ఏటికాపినాడో ఒక్క ముక్క రాయలేదు. గెడ్డలో పడుకోబెట్టి, మళ్లా చిత్తం అనిపించీసేడు. పోయిన వారం కాలు గాల్లో ఉన్నప్పుడే కత పెద్దది. కాలు దించీసేక సిన్నదైపోయింది."

గణపతిరావు తల వంచుకుని వింటున్నాడు. గుమ్మం దగ్గర ఒక రైతు "అదీ నిజమే," అన్నాడు. అప్పలసూరి అతని వైపు ఒకసారి చూశాడు. నవ్వు పోయింది.

"బాగానే సెప్పేవు. కాని తప్పు సదివేనని నీ నోటితో నువ్వే అన్నావు. ఒక్క మాట తిన్నగా సదవలేనోళ్లకి గదేటికి?"

గున్నమ్మ చేతిలో పత్రిక అంచు నలిగింది. అప్పుడు వెనక నుంచి మరిడమ్మ గొంతు వచ్చింది.

"అదిగో! బాబు కూడా అడిగీసేరు!"

ముందు నవ్వింది గుమ్మం దగ్గరి రైతులే. తర్వాత గది అంతా. అప్పలసూరికి తన నోటి మాట తనకు వినిపించడానికి ఒక క్షణం పట్టింది. చెవులు ఎర్రబడ్డాయి. లేవబోయాడు.

"కూకోండి బాబూ," అంది గున్నమ్మ. ఆమె నవ్వలేదు. "అడిగేరు కాబట్టి సెప్తాను. అడిగినోలికి జవాబు సెప్పాల కదా. తప్పు సదివేనని నాకెక్కడ తెలిసింది? ఇక్కడే. ఏరంటే గెడ్డని సెప్పే మనిషి ఇక్కడే ఉన్నాడు. రేవులో నాను తప్పు సదివితే ఆ తప్పు అలాగే ఉండిపోతాది. అందుకే గది."

అప్పలసూరి గణపతిరావును చూశాడు. గుమ్మం వైపు చూశాడు. వేసిన ప్రశ్నకు జవాబు అందరి ముందూ వచ్చేసింది.

"సర్లే. ఎదురుమాట ఆ కతలో లేదని తేలింది. గది ఉంటాది," అన్నాడు. లేచి కండువా సర్దుకున్నాడు. ఊరికే వెళ్లిపోవడం ఆయనకు చేతకాలేదు. "కాని రేపట్నుంచి బుట్టలు ఎటెళ్లాలో కూడా నీ నోటితోనే సెప్పు. అందరూ ఇన్నట్టు."

గున్నమ్మ పత్రికను మడిచింది.

"ఏటికి, బాబూ."

గొంతు ఎత్తలేదు, దించలేదు. అచ్చులో ఉన్నట్టే పలికింది.

"ఆఁ, అదీ మాట. గెడ్డకి," అన్నాడు అప్పలసూరి. గుమ్మం దాటాక ఒకసారి ఆగి, వెనక్కి తిరిగి ఆమె ముఖం చూశాడు. ఆ ముఖంలో ఆయనకు ఏమీ దొరకలేదు. మరిడమ్మ పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతోంది.

మరుసటి గురువారం అక్టోబరు 24. వాన లేదు. అప్పలసూరి అరుగు మీదే కూర్చుని ఉన్నాడు. చేపల బుట్టలతో పెద్దవీధి గుండా నడిచి, బుట్టలు మందిరం గోడవారన దించి లోపలికి వెళ్లిన ఆడవాళ్లు:

ఇరవై తొమ్మిది.