బొట్టు పెట్టిన హార్డ్ డిస్కులు

గూడూరు స్టేషన్ రోడ్డులో మాకు పాత కంప్యూటర్ల షాపు ఉంది. మాకు అంటున్నాను గానీ ఊళ్లో అందరూ దాన్ని మా ఆవిడ షాపు అనే అంటారు. బోర్డు మీద పేరు నాది, గిరాకీ ఆమెది. మొదట్లో ఉక్రోషంగా ఉండేది. ఇప్పుడు ఎవరైనా అలా అంటే నేనే అవునవునని తలూపుతున్నాను.

మూతపడిన ఆఫీసుల్లో, బడుల్లో పాత కంప్యూటర్లు కొంటాం. మానిటర్లు, కీబోర్డులు, బేరసారాలు నా వంతు. హార్డ్ డిస్కులు పూర్తిగా ఆమెవి. మా వైపు ఉప్పుగాలికి డిస్కు అడుగున ఉండే పచ్చ పలక మీద రాగి బిళ్లలు చిలుము పడతాయి. బడిపిల్లలు వాడే రబ్బరుతో వాటిని రుద్ది, కంప్యూటరుకు తగిలించి, చెవి దగ్గర పెట్టుకుని వింటుంది. టిక్కుటిక్కుమంటే ఇక దానికి మోక్షం లేదు, తుక్కులోకే. నున్నగా తిరిగితే లోపల చెడిపోయిన చోట్లు ఎన్నున్నాయో పరీక్ష. అదీ నెగ్గితే వైప్. అంటే డిస్కంతా మొదలు నుంచి చివరిదాకా సున్నాలు రాయించడం. ఉత్తినే డిలీట్ కొడితే పేర్లు పోతాయి గానీ సరుకు లోపలే ఉంటుంది, తెలిసినవాడు తవ్వుకుంటాడు. ఒక్కో డిస్కుకూ గంటల కొద్దీ పడుతుంది. అంత ఓపిక నాకు ఏ జన్మలోనూ రాదు.

వైప్ అయిన డిస్కుకు ఆమె ఎర్రటి స్టిక్కర్ బొట్టు పెట్టేది. మార్కరుతో గీస్తే చేతి చెమటకు చెరిగిపోయేది, కాగితం అంటిస్తే లేచిపోయేది. ఒకరోజు అద్దం దగ్గరున్న తన బొట్ల ప్యాకెట్టు తెచ్చి షాపు సొరుగులో పడేసింది. బొట్టుంటే అమ్మొచ్చు, లేకపోతే ముట్టుకోకూడదు. మా వ్యాపారానికి అంతకు మించిన లెక్క ఏదీ లేదు.

ఒక ఏడాది ఊళ్లో స్కానింగ్ సెంటరు మూసేశారు. నడిపిన డాక్టరమ్మ పెద్దావిడ, ఇక చేతకాదని మానుకుంది. కంప్యూటర్లు అమ్మడానికి మా ఆవిడనే పిలిచింది.

“నా దగ్గరికి వచ్చినోళ్లంతా ఆడోళ్లేనమ్మా. నమ్మి వచ్చినారు. ఒక్క బొమ్మ గూడా బయటికి పోకూడదు” అంది.

“ఒక్కటి గూడా పోదు మేడం. నాదీ మాట” అంది మా ఆవిడ.

డాక్టరమ్మ ఇంకెవరినీ బేరానికి పిలవలేదు. ఆ పెట్టెలు ఆటోలో ఎక్కించుకుని వస్తుంటే, మాట ఒక్కటి ఇస్తే సరుకొచ్చిందే అని నేను లోలోపల మురిసిపోయాను. ఆ మాట బరువు నాకేం తెలుసు.

డిస్కులు సగం వైప్ అయ్యేసరికి ఆయుధ పూజ వచ్చింది. పొద్దున్నే మా అమ్మ షాపుకొచ్చి గల్లాపెట్టెకూ స్క్రూడ్రైవర్లకూ పసుపు కుంకుమ పెట్టింది. నేనూ మా ఆవిడా గుమ్మడికాయకూ పూలకూ బజారుకు వెళ్లాం. బీరువాలో డిస్కుల వరస మా అమ్మ కంట పడింది. కొన్నిటికి బొట్టుంది, కొన్నిటికి లేదు. కోడలు పాపం తీరిక లేక మధ్యలో వదిలేసిందనుకుంది. ఇనుము మీద కుంకుమ నిలవలేదు. సొరుగులో ప్యాకెట్టు దొరికింది. ఇంకేముంది, భక్తిగా పని పూర్తి చేసింది.

మర్నాడు పొద్దున కెమెరాలు బిగించే కుర్రాడొకడు వచ్చి ముత్తుకూరు అవతల రొయ్యల గుంటలకు డిస్కులు కావాలన్నాడు. బొట్టు చూసి నేనే ఇచ్చాను. మధ్యాహ్నం మా ఆవిడ సొరుగు తీస్తే ప్యాకెట్టు ఖాళీ. తలెత్తి బీరువా వంక చూసింది.

“నేనే పెట్టినానమ్మే” అంది అప్పుడే అన్నం క్యారేజీ తెచ్చిన మా అమ్మ ఆనందంగా. “పండగ పూట కొన్నిట్ని బోడి నుదుర్లతో వదిలేస్తే ఎట్టా?”

నేనైతే ఇల్లెగిరిపోయేలా అరిచేవాణ్ని. మా ఆవిడ “మంచి పని చేసినావు అత్తా” అని, అమ్మ ఇంటికి వెళ్లేదాకా నోరు మెదపలేదు. ఆ ఏడు వ్యాపారం బాగుండడానికి తన పూజే కారణమని మా అమ్మ ఈనాటికీ చెప్పుకుంటుంది.

“తగిలించి చూద్దాం. ఫైళ్లు కనపడినవి వైప్ కానివి, అంతేగా” అన్నాను.

“కరెంటు పోయి మధ్యలో ఆగినవి ఉండాయి. మొదలు చెరిగిపోయి ఖాళీ అనే చూపిస్తాయి. వెనకాల బొమ్మలన్నీ అట్టనే ఉంటాయి” అంది. “అన్నీ మొదట్నుంచీ కొట్టాల. పోయినవి వెనక్కి తేవాల.”

నాకు ఒళ్లు మండింది. రొయ్యల గుంట కాడి డిస్కును ఎవడు తవ్వి చూస్తాడన్నాను. నీకు చాదస్తం ముదిరిందన్నాను.

“మాటిచ్చింది నేను. మీరు రాకపోతే బస్సుకు పోతా” అంది, అంతే. మర్నాడు పొద్దున్నే నేనే బండి తీశాను.

ముత్తుకూరు దాటాక గట్ల మీద మట్టిదారి. గుంటల్లో నీళ్లకు గాలి కొట్టే ఏరియేటర్లు నురగలు కక్కుతున్నాయి. షెడ్డు ముందు రైతు మంచం మీద కూర్చున్నాడు, ఆయన భార్య లోపల టీ కాస్తోంది. మా ఆవిడ సంచిలోంచి కొత్త డిస్కులు తీసి, ఇవి పెట్టి పాతవి తీసుకుపోతానంది.

“మీరే అమ్మి మీరే పీక్కపోతారా?” అన్నాడాయన. “రొయ్య పట్టుబడికొచ్చి ఉండాది. ఈ టైంలో కెమెరాలు ఒక్క క్షణం ఆపను. ఏముండాయమ్మా దాంట్లో, బంగారమా?”

“స్కానింగ్ సెంటర్లోవి అన్నా. ఆడోళ్లవి. చెరిగినాయో లేదో నాకే తెలీదు.”

“అయితే నేను చూస్తానా వాటిని?”

“మీరు చూడరన్నా. రేపు ఇది చెడిపోతే ఇంకోడి చేతికిస్తారు గదా.”

పట్టుబడి అయినాక రండి చూద్దాం అని ఆయన లేచాడు. ఇక తేలదని నేను బండి వైపు తిరిగాను. అప్పుడు లోపలున్న ఆవిడ బయటికొచ్చింది. చేతిలో టీ వడగట్టే జల్లెడ అలాగే ఉంది.

“ఏ ఊళ్లోది అక్కా ఆ సెంటరు?”

“గూడూరు. స్టేషన్ కాడ ఉండేది.”

ఆవిడ మా ఆవిడ చెయ్యి పట్టుకుని మేత బస్తాల అవతలికి తీసుకుపోయింది. ఏరియేటర్ల హోరులో ఒక్క ముక్క వినపడలేదు. తిరిగొచ్చి రైతు భార్య నేరుగా షెడ్డులోకి వెళ్లి కెమెరాల పెట్టె ప్లగ్గు పీకేసింది.

“ఏందే నువ్వు చేసేది!” అని ఆయన కేక.

“కెమెరాలు లేనప్పుడు మనం రొయ్యలు పట్టలేదా? కుక్కలుండాయి, నువ్వుండావు. కాసేపు చూసుకో పో” అంది.

ఆయన గొణుక్కుంటూ గట్టు మీదికి నడిచాడు. మా ఆవిడ చకచకా మరలు విప్పి డిస్కులు మార్చింది. టీ ఆరకముందే తెర మీద గుంటలన్నీ మళ్లీ కనపడ్డాయి. పాత డిస్కుల్ని ఆ రైతు భార్యే తువ్వాలులో చుట్టి మా ఆవిడ చేతుల్లో పెట్టింది. పెట్టి వెంటనే వదల్లేదు. ఇద్దరూ ఆ మూట పట్టుకుని అలాగే నిలబడ్డారు. నా పెళ్లాం మీద నాకు అంత గర్వం అంతకుముందెప్పుడూ కలగలేదు. దాంతోపాటు చాదస్తమన్న నా మాటకు సిగ్గూ వేసింది.

“ముత్తుకూరోళ్లకు నెల్లూరు పక్కనే గదా. స్కానింగుకు అంత దూరం గూడూరెందుకు వచ్చినట్టు?” అని దారిలో అడిగాను. గాలికి వినపడలేదేమోనని మళ్లీ అడిగాను.

“దారి చూసి తోలండి” అంది.

షాపుకు రాగానే చెప్పులైనా విడవకుండా ఆ డిస్కుల్నే ముందు తగిలించింది. కరెంటు ఎక్కడ పోతుందోనని అన్నం కూడా మెషీను పక్కనే తిన్నది. చీకటి పడే వేళకు వైప్ పూర్తయింది. ఆమె ఫోను తీసి ఒక నంబరు నొక్కింది.

“అయిపోయిందక్కా. ఇంక యాడా లేదు” అంది.

అవతలి నుంచి మాటేదీ వినపడలేదు. మా ఆవిడా మాట్లాడలేదు, పెట్టెయ్యనూ లేదు. ఫోను చెవికి ఆనించుకుని, కళ్లు మూసుకుని అలాగే కూర్చుంది. ఇంతలో ఎవరో మెట్లెక్కి, పాత ల్యాప్‌టాప్ ఉందా అన్నా, అంటూ లోపలికి రాబోయాడు. బేరం వదులుకోవడం పుట్టి బుద్ధెరిగాక నాకు అలవాటు లేదు. రేపు రమ్మని అతన్ని పంపేసి, షట్టరు సగానికి దించి, నేను బయటే నిలబడ్డాను.