ఎబో బావ కంటిలో ఊగిన అద్దం

మా అక్క అబా మొగుడి పేరు ఎబో అంపియా. మా ఊరు ఆపమ్ రేవులో పడవలకు రంగులు వేసేవాడు. చిన్నతనంలో తట్టు సోకి ఎడమకన్ను పోయింది. మిగిలిన కుడికంటిలో శుక్లం ముదిరితే ఆపరేషన్ చేసి, లోపల ప్లాస్టిక్ అద్దం అమర్చారు. ఆరేళ్లు హాయిగా గడిచాయి. ఒక సోమవారం సాయంత్రం పడవను ఒడ్డుకు లాగుతుంటే తాడు తెగి, దాని కొస వచ్చి ఆ కంటి మీద చెళ్లున కొట్టింది. చుక్క రక్తం రాలేదు.

ఇంటికొచ్చి, "ఈవేళ ఇంత మంచు పట్టిందేమిటే?" అన్నాడట.

"ఎండ మాడ్చేస్తుంటే మంచేమిటి, నీ మొహం!" అంది అక్క.

అద్దాన్ని పట్టి ఉంచే సన్నటి పొర ఒక పక్క చిరిగిపోయి, రెండో పక్క మాత్రమే పట్టుకుని అద్దం వేలాడుతోందని మాకు తర్వాత తెలిసింది. బావ నిలబడితే అద్దం కిందికి జారేది. అప్పుడు లోకమంతా తడి రంగే. బోర్లా పడుకుంటే అది మెల్లగా ఊగుతూ వచ్చి కనుపాప వెనక నిలిచేది. కాసేపు అన్నీ తేటగా కనిపించేవి, అంచున నెలవంకలాంటి మెరుపుతో.

ఆ కిటుకు కనిపెట్టాక ఎవరికీ చెప్పలేదు. పడవలో బోర్లా పడుకుని, అంచు మీదుగా తల వేలాడేసి, బయటి పక్కకు తలకిందులుగా చేపల బొమ్మలు వేసేవాడు.

"ఏం పెద్దాయనా, పడవకి ముద్దులు పెడుతున్నావా?" అని జాలరులు ఆటపట్టించేవారు.

"నీకూ పెడతా, రా!" అనేవాడు.

నాలుగు నెలలు అలాగే గడిచాయి. పొద్దుటిపూట ఇసుకలో కూర్చుని సముద్రం వైపు చూసేవాడు. ఒక పడవ మూడు పడవలై, మూడూ వెలుగులో కరిగిపోయేవట. మనుషులు రంగురంగుల మంటల్లా నడిచి వచ్చేవారట. "చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది గానీ, బాగుందిరా," అన్నాడు నాతో ఒకసారి. బడిపంతులుని కదా, మందలించబోయాను. అతని ముఖం చూసి ఊరుకున్నాను.

తర్వాత మా చుట్టాలింట్లో ఒకరు పోయారు. మా వైపు చావుకి కట్టే ఎర్రబట్టలు, నల్లబట్టలు కట్టుకుని అందరూ చేరారు. అక్క మంచినీళ్లు అందిస్తే బావ తీసుకుని, "మీది ఏ ఇల్లమ్మా?" అని మర్యాదగా అడిగాడు. చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. అక్కా నవ్వింది. ఇంటికి వెళ్లేదాకా మాత్రం బావకి పది అడుగులు ముందే నడిచింది.

మర్నాడు పొద్దున్నే బావ మా గుమ్మంలో ఉన్నాడు. "ఆసుపత్రికి తీసుకెళ్లు."

పట్నంలో డాక్టరు బాబా ఎసుమాన్ అనే ఆవిడ. చిన్న మనిషి, మెల్లని గొంతు. చాలాసేపు పరీక్షించింది.

"ఉన్నది ఒక్క కన్నేనమ్మా. పోతేనో?" అన్నాడు బావ.

"పోవచ్చు, అబద్ధం చెప్పను. ఇలా వదిలేసినా ప్రమాదమే."

"మళ్లీ జారకుండా కుట్టేస్తారా?"

"కుట్టను. పాతది తీసేసి కొత్తది పెడతాను. దానికి వెంట్రుకల్లాంటి కాళ్లు రెండుంటాయి. వాటిని కంటి తెల్లగుడ్డులోంచి బయటికి లాగి, కొసలు వేడితో కరిగిస్తాను. కొసన చిన్న బొడిపె కడుతుంది. ఇక లోపలికి జారదు."

"నైలాన్ తాడు కొస కాల్చినట్టా?"

"అచ్చం అంతే."

"ఆ మాట ముందే చెప్పాల్సింది! మావాళ్లు రోజూ చేసేదేగా. అగ్గిపుల్ల మాత్రం గీయకండి తల్లీ." ఆవిడ నవ్వేసింది.

కంటికి మత్తిచ్చారు గానీ మనిషి మెలకువగానే ఉన్నాడు. నొప్పి లేదు. ఆకుపచ్చ నీటి అడుగున వెల్లకిలా పడుకున్నట్టుందట. పైన గులాబీరంగు వెలుగు. దానిలో నల్లటి పుల్లల నీడలు తొందర లేకుండా ఈదాయి. పాత అద్దం జెల్లీచేపలా తేలుతూ పైకి వెళ్లిపోయింది. మరొకటి వచ్చింది. దాని కాళ్లు చెరో వైపు సాగాయి, వెలుగు రెండు మూడుసార్లు వణికి నిలిచిపోయింది. ఎక్కడి నుంచో డాక్టరమ్మ గొంతు, "అయిపోయింది నాన్నా," అంది. అతనికి లేవబుద్ధి కాలేదట.

కట్టు విప్పిన రోజు అంతా మసకే. బావ గోడవైపు తిరిగి పడుకున్నాడు. రోజుకు నాలుగుసార్లు అక్క చుక్కల మందు వేసేది. మూడో వారంలో ఒక రోజు చుక్క వేయబోతుంటే ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఉండు. ఆ చుక్కలో కిటికీ ఉంది. తలకిందులుగా."

"కిటికీ లేదు, ఏమీ లేదు, కన్ను తెరువు," అంది అక్క. అని, సీసా పక్కన పెట్టి ఏడ్చింది.

ఇది జరిగి రెండేళ్లయింది. అద్దం కదల్లేదు. బావ ఇప్పుడు నిలబడే రంగులు వేస్తాడు. గీతలు సూటిగా వస్తాయి. మొన్న మంగళవారం, ఆచారం ప్రకారం మా జాలరులు వేటకు వెళ్లని రోజు, ఒడ్డున ఇద్దరం కెంకే అనే పులిసిన మొక్కజొన్న ముద్ద, వేయించిన చేప తింటున్నాం. బావ ఉన్నట్టుండి నమలడం ఆపి, దూరంగా నీటి అంచు వైపు చూశాడు.

"వాన వస్తోంది."

నాకు ఖాళీ సముద్రం తప్ప ఏమీ కనిపించలేదు. అతను చేతులు కడుక్కుని, రంగు డబ్బాలకు ఒక్కొక్కటిగా మూతలు పెట్టసాగాడు.