దేవుడి మీద వేసిన వాన

ఏడేళ్లుగా దీన్ని మోస్తున్నాను. ప్రార్థనలో కూడా పూర్తిగా చెప్పలేదు. దేవుడికి తెలుసు కదా అని దాటేస్తూ వచ్చాను. తెలిసినవాడికి చెప్పకపోవడం కూడా దాచడమేనని ఈమధ్యే అర్థమైంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను బడికి వెళ్లలేదు. మా నాన్న ఇంట్లోనే బైబిలు ముందు పెట్టుకుని నాకు అక్షరాలు దిద్దించారు. ఆ చదువు దొరికినందుకు ఈరోజుకీ స్తోత్రం చెప్పుకుంటాను. ఇప్పుడు మేముండే మనురేవాలో, మా తెలుగు క్రైస్తవ సహవాసంలో ప్రతి ఆదివారం వాక్యం చదివేది నేనే. ఇంగ్లీషు రాని నన్ను ఈ దేశంలో పదిమంది మనిషిగా గుర్తించేది ఆ కాసేపే.

మావారు ఒక వృద్ధుల హోమ్‌లో మరమ్మతుల పని చేసి రిటైరయ్యారు. రెండు వేల ఒకటిలో, పక్క వీధిలో ఈ దేశపువాడే అయిన ఒక కివీ తాతగారి దగ్గర ఒక పాత మోటర్‌హోమ్ కొన్నారు. లోపలే మంచం, పొయ్యి, సింకు ఉన్న బండి. తుప్పు గీకారు. కుళ్లిన చెక్క తీసేసి కొత్త ప్లైవుడ్ వేశారు. గాలి కోసం పైకప్పులో చిన్న కిటికీ బిగించి, నీళ్లు దిగకుండా చుట్టూ సీలెంట్ పూశారు. కర్టెన్లు నేను కుట్టాను. పూర్తవగానే మూడు నెలలు సముద్రం అవతలి సౌత్ ఐలాండ్ అంతా తిరుగుదామన్నారు. మూడు నెలలంటే పన్నెండు, పదమూడు ఆదివారాలు. నా చోట ఎవరు చదువుతారు? ఆ మాట ఆయనతో అనలేదు. నవ్వి ఊరుకున్నాను.

మరుసటి చలికాలం, ఇక్కడ వానలు పడేది అప్పుడే, దూరాన జాన్సన్‌విల్‌లో మా అమ్మాయి ఇల్లు మారుతుంటే సాయానికి ఆయన వారం రోజులు వెళ్లారు. వార్నిష్ వాసన పోవాలని పైకిటికీ తెరిచి ఉంచారు. వాన పడితే మూయమని నాకు చెప్పారు. రెండో రోజు మధ్యాహ్నం వాన మొదలైంది. వంటింట్లోంచి చూశాను. గొడుగు తలుపు పక్కనే ఉంది. కూర దించి వెళ్దామనుకున్నాను. తర్వాత బట్టలు మడతపెట్టి వెళ్దామనుకున్నాను. సాయంత్రానికల్లా, నేను వెళ్లబోవడం లేదని నాకే తెలిసిపోయింది. మరచిపోయానా? లేదు. బద్ధకమా? అదీ కాదు. నాలుగు రోజులు కురిసింది. నాలుగు రోజులూ ఆ బండిని చూస్తూనే అన్నం తిన్నాను. ఆయన వచ్చే ముందు రోజు వెళ్లి కిటికీ మూసి గడియ పెట్టాను. మూయకపోవడానికి ఏదో ఒక సాకు వెతుక్కోగలను. ఆ గడియ పెట్టడానికి ఏం చెప్పను?

ఆయన వచ్చీ రాగానే ఉబ్బిన చెక్కను నొక్కి చూశారు. వేలు లోపలికి దిగింది.

"కిటికీ ఎప్పుడు మూశావు?"

"వాన మొదలవగానే అండీ."

"అయితే నా సీలెంటే. ముసలోడి చెయ్యి, ఎక్కడో గ్యాప్ వదిలేసుంటుంది. నీ కర్టెన్లే నయం, ఆరేస్తే ఆరతాయి."

"దేవుడే ఆపాడేమోనండీ. దారిలో ఏ ప్రమాదం ఉందో."

"దేవుడికి సీలెంట్‌తో పనేంటే," అని నవ్వారు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

ఆ ఆదివారం, దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యాల సమయంలో లేచి నిలబడ్డాను. ప్రభువు వాన పంపి మమ్మల్ని పెద్ద ప్రమాదం నుంచి తప్పించాడని చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. ఆయన తల వంచుకుని కూర్చున్నారు. ఎందుకు లేచాను? నన్నెవరూ అడగలేదే. పదిమంది స్తోత్రం అంటే నా అబద్ధం నిజమైపోతుందనుకున్నానేమో.

బండిని విడిభాగాల కోసం ఎవరికో ఇచ్చేశారు. ఆ తర్వాత ఇంట్లో కుళాయి కారినా, "నా చెయ్యి నమ్మకు, ప్లంబర్‌ని పిలువు" అనేవారు. నలభై ఏళ్లు ఆ చేతుల కష్టమే తిన్నదాన్ని, అలా అనకండి అని కూడా అనలేకపోయాను. పోయినేడు గుండెజబ్బుతో ఆయన వెళ్లిపోయారు. చివరి వారంలో ఆసుపత్రి మంచం మీద మా అమ్మాయితో, ఒక్క బండి బాగుచేయాలనుకుని నా చేతులారా పాడుచేశానమ్మా అన్నారు. నేను పక్కనే ఉన్నాను. దుప్పటి సర్దాను.

ఇప్పటికీ వాక్యం చదువుతున్నాను. సాక్ష్యానికి మాత్రం లేవను. అమ్మాయికి చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, ఆ మాట అడగవలసిన మనిషి లేరు. ఒక్కటి మాత్రం ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. ఆయన సీలెంట్ సరిగ్గానే పూశారు. ఎక్కడా గ్యాప్ లేదు. దాని గుండా ఒక్క చుక్క కూడా దిగలేదు.

రాశాను.