ఎస్తేరమ్మ వీపు కింద కొడవలి

గూడూరు అభ్రకం షెడ్డులో కొన్నాళ్ళు పనిచేసి, భర్త పోయిన తరువాత మైపాడు చేరి, అక్కడి ప్రసూతి కేంద్రంలో రాత్రి ఆయాగా కుదురుకున్న ఎస్తేరమ్మకు ఒక నియమం ఉండేది. కాన్పుకు వచ్చిన ప్రతి స్త్రీ తలగడ కిందా చెయ్యి పెట్టి, ఇంటివారు దాచిన కత్తినో కొడవలినో తీసి గోడవార ఉంచేది. ఇనుము ఉంటే దయ్యం దరిచేరదని వారి నమ్మకం; పసిబిడ్డకు తెగుతుందని ఈమె భయం.

1961 వేసవిలో కామమ్మ అనే వలకారుల ఇంటి పిల్ల తలగడ కింది కత్తిని కూడా అలాగే తీసింది. బిడ్డ దక్కింది గాని, నెత్తురు ఆగక కామమ్మ పోయింది. నెల్లూరు నుంచి వారం వారం బస్సులో వచ్చే డాక్టరు పుష్పకుమారి గారు, ఇందులో ఎవరి తప్పూ లేదని స్పష్టంగా చెప్పారు. కామమ్మ తల్లి పిచ్చమ్మ మాత్రం ఒక్క మాటా అనలేదు. ఆ మౌనానికి జడిసి ఎస్తేరమ్మ ఆ వీధి తొక్కడం మానుకుంది.

కొద్ది వారాలకు ఒక వింత మొదలయింది. రాత్రి పని ముగించి, మధ్యాహ్నం చాప మీద వెల్లకిలా పడుకున్న ఎస్తేరమ్మకు ఉన్నట్టుండి మెలకువ వచ్చింది. పైకప్పు తాటాకులు కనిపిస్తున్నాయి, వీధిలో చేపల బేరం వినిపిస్తున్నది. కాని వేలు కదలదు, నోరు పెగలదు. గుమ్మంలో అడుగుల చప్పుడయింది. జుట్టు విరబోసుకున్న కామమ్మ వచ్చి ఆమె రొమ్ము మీద గొంతుక్కూర్చుంది. ఊపిరి సగంలో నిలిచింది. ఎలాగో ఒక వేలు కదిలింది, కామమ్మ లేదు.

మళ్ళీ మళ్ళీ వచ్చింది. తల కింద బైబిలు పెట్టుకున్నా వచ్చింది. చివరకు పొరుగింటి గురవమ్మతో చెప్పుకుంది.

"దయ్యం అదమడమంటే అదే కదక్కా," అన్నది గురవమ్మ, చిక్కుపడిన వల విప్పుకుంటూ. "నా మీద మా అత్త కూర్చుంటాది, చుట్ట వాసనతో సహా."

"నీ మీద కూడానా?"

"బతికుండంగా నెత్తిన కూర్చునింది. చచ్చినాక కొంచెం కిందికి దిగింది. అంతే తేడా. మీ పుస్తకం మెత్తన, దానికి దయ్యం భయపడదు. ఇనుము పెట్టుకో." సరుగుడు కొమ్మలు కోసే కొడవలిని గోనెగుడ్డలో చుట్టి ఇచ్చింది.

ఊరందరి తలగడల కింద నుంచి తీసిన వస్తువును తానే పెట్టుకోవలసి వచ్చినందుకు ఎస్తేరమ్మ సిగ్గుపడింది. అయినా పెట్టుకుంది. ఆ వారమంతా కామమ్మ రాలేదు.

అసలు దిగులు అప్పుడే పట్టుకుంది. ఇనుముకు దయ్యం జడిసిందంటే, ఇనుముకు శక్తి ఉన్నట్టే. శక్తి ఉన్నదంటే, కామమ్మ తల కింది కాపుదలను తీసినది తన చెయ్యే. ఈ ముడి విప్పనిదే ఆమెకు అన్నం సహించలేదు. డాక్టరు గారు వచ్చిన రోజున అడిగింది.

"డాక్టరమ్మగారూ, మనిషి మేలుకొని ఉండంగా ఒళ్ళు కదలకపోవడం ఉంటాదా?"

పుష్పకుమారి గారు నవ్వలేదు. "ఉంటుంది. కలలో పరుగెడతాం, కాళ్ళు పక్క మీదే ఉంటాయి గదా. కల సాగినంతసేపూ ఒంటికి ఒక కట్టు పడి ఉంటుంది. ఒక్కోసారి మనసు ముందు లేస్తుంది, కట్టు ఆలస్యంగా వీడుతుంది. ఆ సందులో గదీ కనిపిస్తుంది, కలా కనిపిస్తుంది. ఊపిరాడనట్టు ఛాతీ బరువెక్కుతుంది. నిద్ర వేళలు తప్పినవాళ్ళకూ, వెల్లకిలా పడుకునేవాళ్ళకూ ఎక్కువ."

"మరి కొడవలి పెడితే రాలేదే?"

"ఎక్కడ పెట్టావు?"

"తలకిందే. నిద్రలో జారి వీపు కిందికి వస్తా ఉండాది."

"గుచ్చుకోదూ?"

"గుచ్చుకోకుండా ఎట్లుంటాది? పక్కకు తిరిగి..." వెల్లకిలా అన్న డాక్టరు గారి మాట ఎస్తేరమ్మకు అప్పుడు తట్టింది.

ఆ సాయంత్రం గురవమ్మకు కొడవలి తిరిగి ఇచ్చి, వల నీటిపై తేలడానికి కట్టే కట్టెబెండు ఒకటి అడిగింది.

"బెండు కడితే దయ్యం తేలిపోతాదా ఏంది?"

"అదే చూద్దామని."

బెండును రవిక వీపుకు కుట్టుకుంది. అందులో ఇనుము రవ్వంత లేదు. వెల్లకిలా తిరిగినప్పుడల్లా అది వెన్నుకు ఒత్తుకునేది. ఎస్తేరమ్మ పక్కకు ఒత్తిగిలేది. కామమ్మ రాలేదు. అంతటితో తృప్తిపడక, కొన్నాళ్ళకు బెండు విప్పి, కావాలని వెల్లకిలా పడుకోసాగింది. ఒక మధ్యాహ్నం కామమ్మ వచ్చింది. ఈసారి ఎస్తేరమ్మ భయాన్ని పక్కన పెట్టి పరికించి చూసింది. చీరకు ఎర్ర అంచు. కట్టు వీడిన తరువాత చూస్తే, గుమ్మానికి తెరగా తాను వేలాడదీసిన పాత దుప్పటికి అదే ఎర్ర అంచు.

మరునాడు పిచ్చమ్మ ఇంటికి వెళ్ళింది. పిచ్చమ్మ ముంగిట ఎండుచేపలు తిరగవేస్తున్నది.

"ఇన్నాళ్ళకు దోవ కనపడిందా మే?"

"ఆ పొద్దు కత్తి తీసినానని కోపంగా ఉండావేమోనని..."

"అందరివీ తీస్తావు గదా, నాదీ తీస్తావని తెలిసే పెట్టినా. కత్తి కాదు మే నా కోపం. పాపను మొదట పట్టుకున్న చెయ్యి నీది. చూడను కూడా రాకపోతివి."

ఎస్తేరమ్మ లోపలికి వెళ్ళి ఉయ్యాల దగ్గర నిలిచింది. చెయ్యి అలవాటుగా పక్క కిందికి పోయింది. చల్లగా ఒక చిన్న కత్తి తగిలింది. ఒక్క క్షణం ఆగింది. పిచ్చమ్మ గుమ్మంలో నిలబడి చూస్తుండగానే దానిని తీసి గోడవార పెట్టి, పాపను ఎత్తుకుంది. పిచ్చమ్మ మళ్ళీ ఎండుచేపల వద్దకు వెళ్ళింది.